మూడు కూతల కీచురాయి

ఎల్లేశం లాంతరు చిమ్నీల మూతికి కట్టిన పలుచని గుడ్డ విప్పి, ఒక్కొక్కదాంట్లో దోసకాయ ముక్క జారవిడుస్తున్నాడు. కిటికీ కింద బల్ల మీద పదకొండు చిమ్నీలు, తడి ఇసుక పోసిన మట్టి మూకుళ్ళలో వరుసగా నిలబడి ఉన్నాయి. ఒక్కొక్క దాంట్లో ఒక్కొక్క జత కీచురాళ్ళు. పుస్తకంలో వాటిని ఇలకోళ్ళని రాస్తారు గానీ, కీచుమనేదాన్ని కీచురాయనక ఏమంటారని ఎల్లేశం వాదన. ముక్క పడగానే మగది మీసాలు ఆడించింది. ఆడది తోక చివర సూదిలాంటి గొట్టాన్ని ఇసుకలో దిగేసి గుడ్లు పెడుతోంది, తిండి దాని కంటికి ఆనలేదు.

జగిత్యాలలో ఆ ప్రైవేటు డిగ్రీ కాలేజీ జంతుశాస్త్రం ల్యాబులో అతను పద్నాలుగేళ్ళుగా అటెండరు. పద్నాలుగేళ్ళుగా టెంపరరీ. చేరిన ఏడు పుట్టిన కూతురు ఎనిమిదో తరగతికొచ్చింది గానీ తండ్రి ఉద్యోగం ఇంకా పాకుతూనే ఉంది. పద్నాలుగేళ్ళు నిలిచినదాన్ని కూడా తాత్కాలికమంటే, ఇక కలకాలం ఉండేది ఏదో ఆ కాలేజీ కమిటీ పెద్దలే చెప్పాలి.

మనిషి పొట్టి. చిన్నప్పటి నుంచి గుంతమగ్గంలో కాళ్ళు దించి కూర్చున్నందుకు వీపు కొంచెం ముందుకు వంగింది. అడ్డపోగు నడిపే నాడె తాడు లాగి లాగి కుడిచేతి బొటనవేలు పక్కన చర్మం చెప్పు అడుగులా గట్టిపడింది. సిరిసిల్లలో కరెంటు మగ్గాలు, వాళ్ళు సాంచాలనేవి, వచ్చి చేతిమగ్గాల కడుపు కొట్టాక జగిత్యాల చేరాడు. చదివింది ఐదో తరగతి. అయినా ఆ చేతులు కీచురాయి రెక్క ఊడదీసి గాజుపలక మీద పరిస్తే, చదువుకున్న పిల్లలు ముక్కు మీద వేలేసుకునేవారు. మగ కీచురాయి కుడి రెక్క అడుగున రంపంలాంటి గీత ఉంటుంది. దాన్ని ఎడమ రెక్క అంచుకు రాస్తే కూత పుడుతుంది. ఆ రంపానికి ఎన్ని పళ్ళు, ఎంత ఎడంగా ఉన్నాయన్నదాన్ని బట్టే అది ఏ జాతిదో తేలుతుంది. డిగ్రీ పిల్లలు నలభై దాకా లెక్కపెట్టి కళ్ళు నులుముకునే చోట, మగ్గం పన్నెలో సందులు లెక్కబెట్టి పెరిగిన ఎల్లేశం నూట పద్దెనిమిది దాకా ఊపిరి బిగబట్టి వెళ్ళిపోయేవాడు. మళ్ళీ చూసినా నూట పద్దెనిమిదే వచ్చేది.

పదింటికి కరుణాకర్ రావు సార్ స్కూటరు ఆగింది. జంతుశాస్త్రం హెడ్డు ఆయనే. మాట నెమ్మది, నడక నెమ్మది. ఎల్లేశాన్ని పనిలో పెట్టింది కూడా ఆయనే, మా ఊరి పద్మశాలి పిలగాడని. కోరుట్ల దాటి ఇబ్రహీంపట్నం పోయే తోవలోని మోదుకుంట ఇద్దరిదీ. కాకపోతే ఒకరు కోటలాంటి దొరల గడిలో పుట్టారు, ఒకరు గడికి గుడ్డలు మోసే ఇంట్లో పుట్టారు.

"ఎల్లేశం, అచ్చయిందోయ్. కలకత్తా నుంచి వచ్చింది," అన్నాడు సార్, చేతిలో నున్నటి కాగితాలు ఊపుతూ.

ఎల్లేశం చేతులు లాగుకు తుడుచుకున్నాడు. రెండేళ్ళుగా ఆ కాగితాల కోసమే చూస్తున్నాడు. మోదుకుంట కీచురాయి ప్రపంచంలో ఇంకెక్కడా ఎవరూ రాసుకోని కొత్త జాతని తేల్చిన కాగితాలు అవి. శాస్త్రంలో పురుగు పేరు మన పేరులాగానే ఉంటుంది, ముందు ఇంటిపేరు, వెనక సొంత పేరు. ఇంటిపేరు పాతదే. సొంత పేరు మాత్రం కనిపెట్టినవాళ్ళు పెట్టుకోవచ్చు. ఒకసారి పెడితే ఇక దాన్ని మార్చే హక్కు ఎవరికీ లేదు. ఈ సంగతులన్నీ సారే చెప్పాడు. ఒక సాయంత్రం టీ తాగుతూ, మంచి హుషారు మీద, "కొత్తదే అని తేలితే మీ అమ్మ పేరే పెడదాం లేవోయ్," అన్నది కూడా సారే.

ఎల్లేశం ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. ముందు ఇంటిపేరు. తరువాత సొంత పేరు. మొదటి అక్షరం దగ్గరే వేలు ఆగిపోయింది. అమ్మ పేరు లసుమవ్వ కాదు. నర్సింగరావు. లాటిన్ తోక తగిలించిన నర్సింగరావు దొర, సార్ నాన్న.

కాగితం మీద నుంచి వేలు తీయడానికి అతనికి కొంచెం సేపు పట్టింది.

ఆ కీచురాయి అతనికి ఏడేళ్ళప్పటి నుంచి తెలుసు. దొర కూతురి పెళ్ళికి ఊళ్ళో సాలోళ్ళంతా వెట్టికి చీరలు నేయాలి. ఎల్లేశం నాయినకు చలిజ్వరం వచ్చి చీర ఒక్కరోజు ఆలస్యమైంది. ఒక్కటంటే ఒక్క రోజు. మంచం మీది మగవాణ్ణి లేపలేక లసుమవ్వను పిలిపించారు. గడి వాకిట్లో నడుం వంచి నిలబెట్టి, వీపు మీద రాయి పెట్టారు. ఉదయం ఎండ పొడిచినప్పటి నుంచి పొద్దు నడినెత్తికి వచ్చేదాకా. రాయి కిందపడితే ఇంకో రాయి. పిల్లవాణ్ణి ధాన్యం కొట్టు గోడ దగ్గర కూర్చోమన్నారు. తల్లి ముఖం చూడలేక, చూడకుండా ఉండలేక, వాడు గోడకు చెవి ఆనించి లోపల కూస్తున్న కీచురాయిని విన్నాడు. మూడు సార్లు కూసి ఆగింది, మళ్ళీ మూడు సార్లు కూసి ఆగింది. మిగతా కీచురాళ్ళ మాదిరి ఊపిరి తీసుకోకుండా గీపెట్టేది కాదది. కొట్టు లోపలి చీకట్లో, చల్లగా, పట్టపగలే కూసేది. పెళ్ళయిన నెలకే వాళ్ళు మగ్గం విప్పి సిరిసిల్ల వెళ్ళిపోయారు. లసుమవ్వ నడుం మళ్ళీ నిటారు కాలేదు.

ముప్పై ఏళ్ళ తరువాత, ప్రతి జాతికీ దాని కూత దానిదే అని సార్ తరగతిలో చెబుతుంటే, గాజు సీసాలు తుడుస్తున్న ఎల్లేశం ఆగిపోయాడు. "సార్, మూడుసార్లు కూసి ఆగేది ఏ జాతి?" అని అడిగాడు. అలాంటిది పుస్తకంలో లేదు. మీ గడిలో ఉంది సార్ అన్నాడు ఎల్లేశం. అప్పుడే సార్ కళ్ళు మెరిశాయి. కానీ ఆయన పోలేడు. డెబ్బై ఎనిమిదిలో రైతుకూలీ సంఘాలు లేచి ఊళ్ళు ఎదురు తిరిగినప్పుడు దొర రెండు లారీల సామానుతో హైదరాబాదు చేరాడు. గడి తలుపులు అప్పుడు పడ్డవి మళ్ళీ తెరవలేదు. సార్ ఆ ఊరి పొలిమేరలో కాలు పెట్టే ధైర్యం చేయలేదు.

కాబట్టి ఎల్లేశం పోయాడు. మోదుకుంటలో సంఘం పిల్లలు అడ్డం వచ్చి, దొర కొడుకు దేనికి పంపాడని నిలదీశారు. పురుగు కోసమంటే నవ్వి వదిలేశారు. ప్రహరీ గండిలోంచి దూరి, అతను తన జీవితంలో మొదటిసారి గడి వాకిట్లో చెప్పులతో నడిచాడు. కప్పు కూలిన ధాన్యం కొట్టులో, కింద రాలిన చిట్టు తవుడు రంగులో కలిసిపోయి, చిన్న చిన్న రెక్కలతో, పదకొండు పురుగులు దొరికాయి. తిరుగు ప్రయాణంలో కోరుట్ల బస్టాండులో పోలీసులు ఆపారు. డబ్బా తెరిస్తే ఒకటి ఎగిరి జమాదారు చొక్కా మీద వాలి, జనం కాళ్ళ మధ్య నుంచి తప్పించుకుంది. మిగిలినవి పది. నోటుబుక్కు తెరిస్తే టైములు, మూడు గీతలు, ఖాళీ, మూడు గీతలు. ఇవేం సైగలు, అడవిలో ఎవరికి కబురు అంటూ రెండు రోజులు లోపల వేసి అరికాళ్ళ మీద కొట్టారు. కీచురాయి కూత అని అతనెంత మొత్తుకుంటే అంత కొట్టారు. మూడో రోజు సార్ చీటీ వస్తే వదిలేశారు. సార్ రాలేదు, చీటీ వచ్చింది. డబ్బాలో పురుగులకు రెండు రోజులూ తన వంతు అన్నం మెతుకులే వేశాడు ఎల్లేశం. ఒక్కటీ చావలేదు. జగిత్యాలలో వాటిని జత కట్టించి, గుడ్లు పెట్టించి, పిల్లలను చిమ్నీల్లోకి మార్చాకే ఆ పదింటినీ సూదులకు గుచ్చాడు.

"చూసినవా? పళ్ళ లెక్క నువ్వు చెప్పిందే వేసిన. నూట పద్దెనిమిది," అన్నాడు సార్ సంతోషంగా.

"అవ్వ పేరు పెడుత అన్నరు సార్."

సార్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అన్న, కాదంటలేను. కానీ నాన్నగారు పోయి ఏడాది గాలేదు. ఆ గడి ఆయనది. పురుగు ఆయన ఇంట్లది. న్యాయమేదో నువ్వే చెప్పు."

న్యాయమట! ఊరి పొలాలు ఆయనవి, మనుషుల వీపులు ఆయనవి, ఆఖరికి కొట్టులో ఎలుకల మధ్య బతికిన పురుగు కూడా ఆయనదే. దొరను ఊళ్ళోంచి వెళ్ళగొట్టడానికి ఎంతమంది దెబ్బలు తిన్నారో, ఎంతమంది ఇంటికి తిరిగి రాలేదో లెక్కలేదు. ఆ దొరే ఇప్పుడు వెనక దారిన పుస్తకంలోకి వచ్చి కూర్చున్నాడు. అక్కడి నుంచి ఏ సంఘం వెళ్ళగొట్టగలదు? ఎల్లేశం కాగితాలు సార్ బల్ల మీద పెట్టేశాడు.

"ఇంకో పనుంది. కలకత్తా మ్యూజియం వాళ్ళు ఆ పదీ పంపమన్నరు. చీటీలు కొత్తగ రాయి. పట్టినవాడు కరుణాకర్ రావు అని ఒకటి, పురుగు కొత్త పేరుతోని ఒకటి. పాత చీటీలు తీసెయ్యి," అన్నాడు సార్.

ప్రతి పురుగు కిందా, అదే సూదికి, గోరంత చీటీ ఒకటి గుచ్చి ఉంటుంది. ఏ ఊళ్ళో, ఏ తేదీన, ఎవరు పట్టారో అందులో రాస్తారు. చేరిన ఏడు ఎల్లేశం ఒక చిరిగిన చీటీ తీసి పారేసి, శుభ్రంగా కొత్తది రాసి పెట్టాడు. ఆరోజు సార్ చాలా కోపం చేశాడు. చీటీ పోతే పురుగు దిక్కులేనిదైపోతుంది, పాతదాన్ని ఎన్నడూ తీయకూడదు, కావాలంటే కింద ఇంకోటి చేర్చాలి అని క్లాసు చెప్పాడు. అప్పటి నుంచి ఎల్లేశం చీటీ జోలికి పోతే ఒట్టు.

"మీరే చెప్పిండ్రు గద సార్, పాత చీటీ తియ్యొద్దని."

"అది వేరు, ఇది వేరు."

"ఎనభై రెండు ఆగస్టు పన్నెండు నాడు మోదుకుంటల మీరు లేరు సార్. డెబ్బై ఎనిమిది సంది మీరు ఆ ఊరి పొలిమెర తొక్కలె. అరికాళ్ళు వాసింది నాయి."

"గొంతు తగ్గించు." సార్ స్వరం మాత్రం పెరగలేదు. బల్ల సొరుగు కొంచెం లాగి మళ్ళీ మూశాడు. "నీ పర్మనెంట్ కాయితం ఇందులనే ఉంది. నేను సంతకం పెట్టి పంపితేనే కమిటీకి పోతది. పిల్లలున్నోడివి, ఆలోచించుకో. రెండింటికి పార్సిల్ పోవాలె." అని క్లాసుకు వెళ్ళిపోయాడు.

ఎల్లేశం కూర్చున్నాడు. సన్నపాళీ కలం నల్లసిరాలో ముంచి, చీమ తలకాయంత అక్షరాలతో పది చీటీల మీద కరుణాకర్ రావు పేరు రాశాడు. పది చీటీల మీద నర్సింగరావు పేరు రాశాడు. అవ్వ వీపు మీద రాయి పెట్టించినవాడి పేరు పదిసార్లు, ముత్యాల్లాంటి అక్షరాలతో, తన చేత్తోనే. చేయి వణికితే బాగుండుననుకున్నాడు. పాడు చేయి, వణకలేదు.

తరువాత చిమటాతో ఒక్కొక్క సూది ఎత్తి, పాత చీటీ కిందకు లాగి పింగాణీ పళ్ళెంలో వేసి, కొత్తవి గుచ్చుకుంటూ వచ్చాడు. పదోది పెద్ద మగ పురుగు. పేరంతా మోసేది అదొక్కటే. రేపు ఎవరికి ఏ అనుమానం వచ్చినా కలకత్తాలో దాన్నే తీసి చూస్తారు. సూది దాని కుడి భుజం వెనక దిగి ఉంది. ముందు కాళ్ళ మోకాళ్ళ కింద, చెవులుండే చోట, నూగు చెక్కుచెదరలేదు.

దాని పాత చీటీ లాగాడు. 'మోదుకుంట గడి, ధాన్యం కొట్టు, 12-8-82, ఎల్లేశం' అని ఇంగ్లీషులో తన చేతిరాత. దాన్ని తిప్పి, వెనకవైపు ఖాళీలో తెలుగులో రాశాడు: 'మొదలు విన్నది లసుమవ్వ'. సిరా ఆరేదాకా ఊదాడు. సార్ చెప్పిన రెండు కొత్త చీటీలు ముందు గుచ్చి, వాటి కింద, పెట్టె అడుగున పరిచిన బెండుకు ఆనుకునేలా, పాతదాన్ని అంచుకు అంచు కలిపి గుచ్చాడు. పై నుంచి చూస్తే దొరా దొర కొడుకే కనిపిస్తారు. సూది ఎత్తి చూసినవాళ్ళకు అసలు సంగతి తెలుస్తుంది. ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు ఎత్తకపోరు. పెట్టెలో దూది కూరి, లక్క వేసి, పోస్టాఫీసులో రిజిస్టరు చేయించి వచ్చాడు.

మూడింటికి రసీదు, ల్యాబు తాళాలు కలిపి సార్ బల్ల మీద పెట్టాడు.

"మంచిది. రేపే సంతకం పెడత," అన్నాడు సార్.

"అక్కరలేదు సార్. రేపటి సంది నేను రాను."

సార్ తల ఎత్తాడు. "కోపంల అంటున్నవ్. ఇంటికి పోయి ఆలోచించుకో. ఏం పనిజేసి బతుకుతవ్?"

"సాంచాలున్నయి సార్. మీ నాయిన పేరు రోజు నా చేత్తోని రాసుడు నాతోని గాదు."

చిమ్నీల్లో ఒకదాన్ని, తాను అంగట్లో కొన్నదాన్ని, మూకుడుతో సహా గుడ్డలో గట్టిగా మూటకట్టి చంకలో పెట్టుకున్నాడు. హాజరు పట్టీలో సాయంత్రం సంతకం చోటు ఖాళీగానే వదిలేసి, వేములవాడ మీదుగా పోయే సిరిసిల్ల బస్సెక్కాడు.

అతను తన ఇల్లున్న వాడకట్టుకు చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. సిరిసిల్లలో ఆ వేళకు మాట్లాడాలంటే అరవాలి. ప్రతి ఇంట్లో సాంచాలు దడదడలాడుతున్నాయి. లసుమవ్వ గడప దగ్గర రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. కూర్చున్నా, నిలబడ్డా ఆమె నడుం ఒకటే వంపు. రెండేళ్ళ కిందట పురుగుకు నీ పేరు పెడతారట అని చెప్పినప్పుడు, "బతికినన్ని దినాలు నన్ను పురుగోలె జూసిండ్రు, ఇగ పురుగుకు నా పేరా?" అని దగ్గు వచ్చేదాకా నవ్వింది. నవ్విందే గానీ, అప్పటి నుంచి ప్రతి శనివారం అతను ఇంటికి రాగానే అడుగుతూనే ఉంది. వాడకట్టులో మొగిలవ్వకు, ముత్తవ్వకు చెప్పుకుంటూనే ఉంది.

"శనివారం గాదు గదరా? ఏమైంది? నా పేరు అచ్చిందా?"

"రాలేదవ్వా. పెద్దదొర పేరు పెట్టిండ్రు."

రాట్నం ఆగింది. "పురుగుకా?"

"ఆ."

లసుమవ్వ నోట్లో ఉన్న రెండు పళ్ళూ కనిపించేలా నవ్వింది. "మంచిగనే పెట్టిండ్రు పో. పురుగుకు దొర పేరు గాక ఇంకెవలిది పెడ్తరు?"

"నవ్వకే అవ్వా!" ఎల్లేశం గొంతు సాంచాల చప్పుడును మించి లేచింది. పొద్దున్నుంచి మింగిందంతా అప్పుడు బయటపడింది. "గా పురుగేం పాపం జేసిందే? గడిల పుట్టిందని దొరదైతదా? ఒక్కలకు అపకారం జేసిందా, ఒక్కలను వంగబెట్టిందా? దాని నెత్తి మీద గా పేరు పెట్టుడేందే? నేను పని ఇడిసిపెట్టి అచ్చిన."

లోపల నుంచి అతని భార్య సరోజన బీడీల చాట పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. ఎవరూ ఏమీ అనకముందే కరెంటు పోయింది. వాడకట్టు మొత్తం ఒక్కసారి చప్పుడు ఆగిపోయింది. సిరిసిల్ల చెవులకు అలాంటి నిశ్శబ్దం రోజుకు ఒకటి రెండుసార్లు దక్కుతుంది, ఎవరూ దాన్ని పట్టించుకోరు.

అతని చంకలోని చిమ్నీలో కీచురాయి మూడుసార్లు కూసి ఆగింది. మళ్ళీ మూడుసార్లు కూసింది.

లసుమవ్వ చెయ్యి రాట్నం మీద అలాగే ఉండిపోయింది.

"గిది గా దినం కూసింది గదరా," అంది మెల్లగా.

"దాని పిల్లల పిల్లలవ్వా. గదే జాతి."

"నేను దీన్నే లెక్కవెట్టుకుంట నిలవడ్డ కొడుకా. మూడు, మూడు, మూడు. గిది ఆగితె పడిపోదును. ఆగలె." ఆమె చిమ్నీ వైపు చేయి చాచింది. "ఇటు తే. పేరు ఎవలిదైతేంది. గా దినం నాకు తోడున్నది గిదే."

అతను చిమ్నీని ఆమె పక్కన గడప మీద పెట్టాడు. తాను కూడా ఆ రోజు గోడకు చెవి ఆనించి అదే లెక్క పెట్టానని చెప్పాలనుకున్నాడు, కానీ అంతలో కరెంటు వచ్చి సాంచాలు మళ్ళీ మొదలయ్యాయి.

మరునాడు జగిత్యాలలో ల్యాబు తాళం కరుణాకర్ రావు సారే తీశాడు. పది చిమ్నీల్లో దోసకాయ ముక్కలు నల్లబడ్డాయి. పాత చీటీలు కాల్చేద్దామని అగ్గిపెట్టె తీసి, పింగాణీ పళ్ళెం దగ్గరకు లాక్కున్నాడు. ఒక్కొక్కటీ వేలితో జరుపుతూ చూశాడు. మళ్ళీ మొదటి నుంచి చూశాడు. బల్ల కింద, సొరుగులో, చెత్తబుట్టలో కూడా వెతికాడు. రిజిస్టరు పార్సిల్ అప్పటికే రైల్లో కలకత్తా దారిలో ఉంది. పళ్ళెంలో ఉన్నవి తొమ్మిది చీటీలే.